ఎత్తకూడని ఫోన్

మంగళవారం పొద్దున పది నలభైకి, సోమశిల రేవుకు అరకిలోమీటరు దూరంలో, కృష్ణ నడిమధ్యన ఒక పడవ పేలిపోయింది.

పడవలో ఉన్నది ఇద్దరు. పడవ నడిపే ఎల్లన్న ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు. రెండో మనిషి పడలేదు. తెల్ల లుంగీ, మెడలో తువ్వాలు, చేతిలో టిఫిన్ డబ్బా చూసి అందరూ దర్శనానికొచ్చిన రైతు అనుకున్నారు. అతను రైతూ కాదు, భక్తుడూ కాదు. కేంద్ర నిఘా విభాగపు ఏజెంట్, కోడ్ పేరు గంధం. టిఫిన్ డబ్బా కూడా అతనిది కాదు. రేవులో ఎవరో మార్చేశారు.

నీళ్ళలోంచి ఏరిన ముక్కల్లో ఒక చౌక స్మార్ట్‌ఫోన్ బోర్డు దొరికింది. దానికి అతికించిన చిప్ చూసి ఫోరెన్సిక్ ఆఫీసర్ ఒక్కటే చెప్పాడు. "ఈ ఫోన్ ఆగకుండా ఇరవై సెకన్లు మోగితే పేలుతుంది. ఎవరూ ఎత్తక్కర్లేదు."

ఆ మధ్యాహ్నమే వనపర్తిలో, ఒక జిరాక్స్ సెంటర్ పైనున్న గదిలో అత్యవసర బ్రీఫింగ్. చీఫ్ వెంకటయ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. గొంతు పెంచని మనిషి. ఎంత పెద్ద తప్పు పట్టుకున్నా మెల్లగానే అడుగుతాడు, అందుకే అందరికీ ఆయనంటే హడల్. ఎదురుగా లాప్‌టాప్ తెరిచి కూర్చున్నవాడు ప్రదీప్, ముప్పై నాలుగేళ్ళ టెక్నికల్ ఏజెంట్.

"ఫోన్‌కి కాల్ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"సిమ్ నంబరుకు ఏ కాలూ రాలేదు సార్. ఇంటర్నెట్ కాల్. సరిహద్దు అవతల సర్వర్."

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. ప్రదీప్ తెరవకుండానే అడిగాడు. "జరీ నల్లబడిందా?"

"చింతపండు పెట్టి తోమితే వస్తుంది," అంది బయటి గొంతు.

కోడ్ సరిపోయింది. లోపలికి వచ్చింది ఉమారాణి. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గది నిండా అత్తరు. గద్వాలలో ఆమెది పెద్ద చీరల షోరూం. విభాగంలో ఆమె కోడ్ పేరు కుప్పడం. నూలు ఒళ్ళునూ పట్టు అంచునూ అతుకు తెలియకుండా కలిపే నేతపనిని గద్వాలలో అలాగే అంటారు. ఆమె ఉద్యోగమూ అదే. సరిహద్దు అవతలి ముఠా ఆమెను తమ మనిషనుకుంటుంది. రెండేళ్ళుగా ఆమె వార్తలు మోసేది మాత్రం మనకు. అలాగని చీఫ్ నమ్మకం.

"అమరచింతలో తిరుపతమ్మ అని ఒకావిడ ఉంది," అంది ఉమారాణి అద్దాలు తీయకుండా. "మా చీరలకు నూలు కండెలు చుడుతుంది. రోజూ సాయంత్రం ఏడింటికి ఆమె ఫోన్‌కి విదేశం నుంచి ఇంటర్నెట్ కాల్ వస్తుంది. ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఒక్కనాడూ ఎత్తదు. ఇవాళ పొద్దున మాత్రం రెండుసార్లు మోగింది. ఎన్నింటికో మీ మెషీన్‌ని అడగండి."

ప్రదీప్ ఆమె ఫోన్‌కి వచ్చిన కాల్స్ లాగ్ తెరిచాడు. ఇంటర్నెట్ మీద ఫోన్ మోగాలంటే ముందు యంత్రాల మధ్య కబుర్లు నడవాలి. పిలిచేవాడి నుంచి ఇన్వైట్. అవతలి ఫోన్ నుంచి రింగింగ్. ఎత్తకముందే పిలిచేవాడు మానుకుంటే క్యాన్సిల్. నెలల తరబడి అదే వరస, ఇన్వైట్, రింగింగ్, క్యాన్సిల్. పిలిచిన పేరు ఒక్కటే, శ్రీశైలం అనే మనిషి, మస్కట్ నుంచి. మంగళవారం పొద్దున రెండు ఉన్నాయి, ఒకటి పది ముప్పై ఎనిమిదికి, ఇంకొకటి పది నలభైకి.

చీఫ్ మెల్లగా అడిగాడు. "ప్రదీప్, నువ్వు ఈ ప్రాంతం వాడివే కదా. ఇలా మోగించి ఆపేసే అలవాటు ఇక్కడి జనంలో ఏమైనా ఉందా?"

ఉంది. ప్రదీప్‌కు అది తన పేరు తెలిసినంత బాగా తెలుసు. సొంతూరు బల్మూర్‌లో తల్లి పక్కన కిరాణా దుకాణం ముందు నిలబడి ఆ మోత కోసం ఎదురుచూసిన పొద్దులు లెక్కలేనన్ని. తండ్రి నాగన్న బొంబాయిలో మట్టి మోసేవాడు. రోజూ పొద్దున దుకాణం ఫోన్‌కి ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేసేవాడు. దుకాణందారు బయటికొచ్చి, "నాగన్న బతికే ఉండు!" అని కేక వేసేవాడు. తల్లి తలాడించి కూలికి పోయేది. పాలమూరు వలస ఇళ్ళల్లో ఇది ఉత్తరం, ఇది తంతి.

కానీ ఆ సంగతి చెప్పాలంటే ఈ సంగతంతా చెప్పాలి. విభాగంలో అందరికీ అతను చెప్పుకున్నది వేరు. మహబూబ్‌నగర్ టౌన్ అని, తండ్రి కాంట్రాక్టర్ అని. చివరికి తన పెళ్ళిలో కూడా తండ్రిని వెనక వరుసలో కూర్చోబెట్టి, ఎవరో దూరపు చుట్టమన్నట్టు ఊరుకున్నాడు. అంతటి ఘనుడు!

"తెలియదు సార్," అన్నాడు ప్రదీప్. "మాది టౌన్."

ఉమారాణి అద్దాల వెనక నుంచి అతని వంక ఒక్క క్షణం ఎక్కువసేపే చూసింది.

బుధవారం ప్రదీప్ జరీ బేరగాడి వేషంలో అమరచింత వెళ్ళాడు. చేతిలో తోలు సంచి, చొక్కా గుండీలో కెమెరా. తిరుపతమ్మ నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి. రాట్నం ఆపి, చాప వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. "ఎండల వడి వచ్చినవ్ సారూ, జర సల్లవడు," అంది. అతను నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఇల్లు ఇదేనని గుండీ నొక్కి సైగ పంపాడు. పావుగంటకు జీపులు దిగాయి. వాడంతా అరుగుల మీదికి వచ్చి చూస్తుండగా ఆమెను రెక్క పట్టి ఎక్కించారు. ఆ చూపుల్లో నిన్నటి వరకు వదినా, అక్కా అని పిలిచినవాళ్ళే ఉన్నారు.

ఇక చూడండి ప్రదీప్ అవస్థ. తేలు కుట్టిన దొంగకు నోరు లేవదంటారు, సరిగ్గా అదే. వనపర్తి సేఫ్ హౌస్‌లో ఆమెను ఉంచిన గది పక్కనే అతని గది. ప్రశ్నలడిగే వాళ్ళు వంతులవారీగా వచ్చిపోతున్నారు. ఆమె ఫోన్‌ను ఎవరు చేస్తారో చూద్దామని ఆన్‌లోనే పెట్టి, అతని బల్ల మీద ఉంచారు. ఏడు కాగానే అది ఒక్కసారి మోగి ఆగిపోయేది. గోడ అవతల ఆమె ఏడుపు కూడా ఆ ఒక్క క్షణం ఆగేది. ఆ లాగ్ మళ్ళీ తెరిచి చూసే ధైర్యం అతనికి లేకపోయింది. తెరిస్తే నిజం కనబడుతుంది. కనబడితే చెప్పాలి.

శుక్రవారం పొద్దున చీఫ్ గద్వాల వెళ్ళాడు. పదకొండు గంటలకు షోరూం మేడ మీద ఉమారాణితో రహస్య సమావేశం. ముఠా పూర్తి జాబితా ఇస్తానంది. షరతు ఒకటే, ఫోన్లన్నీ కారులోనే వదిలి రావాలి. పోతూపోతూ చీఫ్ ఒక కాగితం ప్రదీప్ చేతిలో పెట్టాడు. "ఆవిడ వాంగ్మూలం. సంతకం తీసుకో."

పది నలభై అయిదుకు ప్రదీప్ ఆ కాగితం, లాప్‌టాప్, ఫోన్ పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళాడు. తిరుపతమ్మ అతన్ని చూసి గుర్తుపట్టింది.

"నీళ్ళు తాగి పోయిన సారువు గదా నువ్వు."

ప్రదీప్‌కు తల కొట్టేసినట్టయింది. కాగితం వంక చూస్తూ, "సంతకం పెట్టాలి," అన్నాడు.

"పెడ్త. ఏడన్న పెడ్త. గని ఒక్క పని జెయ్యి సారూ. నా ఫోన్ ఒక్కసారి ఇయ్యి. రెండు దినాలాయె నేను తిరిగి మోగియ్యక. మా ఆయన పరేషాన్ అయితుండు."

"తిరిగి మోగించడమా?"

"ఆయన ఒక్కసారి మోగిస్తె, పానంతోని ఉన్న అని. నేను తిరిగి ఒక్కసారి మోగిస్తె, నేను గూడ ఉన్న అని. గంతే. రెండుసార్లు మోగిస్తె పానం బాగలేదని. నేను ఎత్తిన్ననుకో, ఇంట్ల ఏదో చెడ్డ జరిగిందని. పని ఇడిసిపెట్టి ఉరికొస్తడు. అందుకే సచ్చినా ఎత్త."

"నెట్ ఫోనే కదా, మాట్లాడుకోవచ్చు కదా?" అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"మాట్లాడితె ఏడుపొస్తది సారూ. ఇద్దరికి." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న మంగళారం పొద్దుగాల రెండుసార్లు మోగింది. నా గుండె గుభేలుమన్నది. పొద్దూకి మళ్ల ఒక్కసారే మోగిచ్చిండు, మంచిగున్న అని. అయితె పొద్దుగాల మోగిచ్చింది ఎవలు? గదే నేను మీ సార్లను అడుగుతున్న. నన్నే కొట్టబోతున్నరు గని, ఎవ్వరు చెప్తలేరు."

మూడు రోజులుగా నలుగురు ఆఫీసర్లు వేయని ప్రశ్న అది. ప్రదీప్ కాగితం పక్కన పడేసి, నిలబడే లాగ్ తెరిచాడు.

పిలిచినవాడి పేరు అన్నింటిలోనూ ఆమె భర్త శ్రీశైలమే. కానీ ఇంటర్నెట్ కాల్‌లో ఆ పేరు పిలిచేవాడు తనంతట తాను రాసుకునేది. దొంగ కూడా ధర్మరాజని రాసుకోవచ్చు. నిజం చెప్పేది కాల్ ఐడీ. ప్రతి కాల్‌కూ పిలిచే యంత్రం ఒక కొత్త అక్షరాల వరస పుట్టిస్తుంది. మొదటి ఇన్వైట్ నుంచి చివరి మాట వరకు ఆ కాల్‌కు సంబంధించిన ప్రతి కబురు మీదా అదే ఉంటుంది. సాయంత్రం కాల్స్ ఐడీలన్నీ ఒక తీరు, చిన్న అక్షరాలు, పొట్టి వరస. మస్కట్‌లోని పాత ఫోన్ పని అది. మంగళవారం పొద్దుటి రెండు ఐడీలు ఇంకో తీరు. పొడుగ్గా, మధ్య మధ్య గీతలతో. వేరే యంత్రం. వేరే మనిషి.

అంతకంటే ఘోరం కింద ఉంది. మోగే ఫోన్ తన జవాబు మీద తన సొంత గుర్తు వేస్తుంది. దాన్ని టూ ట్యాగ్ అంటారు. ఒక కాల్‌కు ఒక ఫోన్ మోగితే ఒకే ట్యాగ్ రావాలి. పది నలభై కాల్‌కు రింగింగ్‌లు రెండు వచ్చాయి. కాల్ ఐడీ ఒక్కటే, ట్యాగ్‌లు మాత్రం రెండు.

"అక్కా, ఈ యాప్ నీ ఫోన్‌ల ఎవలు పెట్టిండ్రు?" తన నోట బల్మూర్ మాట ఊడిపడిందని అతను గమనించనే లేదు.

"ఉమారాణి మేడం. మీ ఆయన మోగిస్తె మంచిగ వినొస్తదని. ఎత్తాల్నంటె ఏలిముద్ర అద్దేటట్లు తాళం గూడ ఆమెనే పెట్టింది."

అంతా అర్థమైంది. తిరుపతమ్మ ఖాతాతోనే బాంబు ఫోన్ కూడా తెరిచారు. ఆమెను పిలిస్తే ఆ సర్వర్ రెండింటినీ ఒకేసారి మోగిస్తుంది. లాగ్ చూసేవాడికి కనబడేది వలస కూలీ పెళ్ళానికి చేసిన మిస్డ్ కాల్. ముఠాకు కావలసింది ఖాయంగా మోగి, ఎన్నటికీ ఎత్తని ఫోన్. పాలమూరులో అలాంటి ఫోన్ ఇంటికొకటి దొరుకుతుందని ఉమారాణికి తెలుసు. శ్రీశైలం ఒక్క రింగ్‌కి పేలకుండానే ఆ ఇరవై సెకన్ల చిప్ పెట్టారు. మూడు రోజుల కిందట ప్రదీప్ ఒక్క మాట చెప్పి ఉంటే వీళ్ళ గుట్టు ఆనాడే రట్టయ్యేది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. కారులో మోగి మోగి ఆగింది. గద్వాల టీం లీడర్ ప్రశాంత్‌కు చేశాడు. "షోరూం ఖాళీ చేయించు! ఉమారాణి వాళ్ళ మనిషి!"

"బీచుపల్లి దగ్గరున్నా. ఎంత తొక్కినా పదిహేను నిమిషాలు!"

గడియారం పది యాభై ఎనిమిది. బల్ల మీద తిరుపతమ్మ ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. తెర మీద పేరు, శ్రీశైలం.

తిరుపతమ్మ ముఖం వెలిగింది. ప్రదీప్ ముఖం మాడిపోయింది. లాప్‌టాప్‌లో కాల్ ఐడీ పొడుగ్గా, గీతలతో ఉంది. కింద ట్యాగ్‌లు రెండు. రెండో ఫోన్ సిద్ధంగా ఉందా అని చూసుకున్నారన్నమాట. మంగళవారం లెక్క ప్రకారం అసలు కాల్ ఇంకో రెండు నిమిషాల్లో వస్తుంది.

"అక్కా, ఇంకోసారి మోగుతది. అప్పుడు నువ్వు ఎత్తాలె. నువ్వు ఎత్తితె, మనిషి దొరికిండని సర్వర్ రెండో ఫోన్‌ను బంద్ చేస్తది. అది బంద్ కాకుంటె గద్వాలల ఒక పెద్దాయన సచ్చిపోతడు."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆయన పేరు పడతది గదా? నేనెత్త. నన్ను బద్మాష్‌ను జేసిండ్రు, ఇప్పుడు మా ఆయనను గూడ ఉరికిస్తరా? నీ మాట నేనెట్ల నమ్మాలె?"

ఆమె చెయ్యి పట్టి లాగితే పని అయిపోతుంది. మూడు రోజులుగా అందరూ చేసింది అదే. ప్రదీప్ కుర్చీ దిగి నేల మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"నమ్మకు. నేను నమ్మదగ్గోణ్ణి కాదు. మాది బల్మూర్. మా నాయన నాగన్న బొంబాయిల మట్టి మోసిండు. ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేస్తుండె. మా అమ్మ గూడ ఎత్తకపోతుండె. నీ ముచ్చట నాకు మొదటి దినమే ఎర్కనే అక్కా. గీ అలవాటు ఉన్నదా అని మా సారు అడిగిండు. కూలోళ్ళ పోరడని తెలుస్తదని, సిగ్గువడి, తెల్వదన్న. నిన్ను పట్టిచ్చింది ఉమారాణి కాదు. నేనే."

భూమి బద్దలై మింగితే బాగుండనిపించింది. తిరుపతమ్మ అతన్ని కన్నార్పకుండా చూసింది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండు!

ఫోన్ మోగింది.

శ్రీశైలం అని పేరు. ఒక రింగ్. రెండు. మూడు. ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది.

"మా ఆయన గిన్నిసార్లు మోగియ్యడు," అని ఫోన్ అందుకుని బొటనవేలు అద్దింది.

ఫోన్ ఆ వేలిని గుర్తుపట్టలేదు, ఎర్ర గీత. లాప్‌టాప్‌లో ఎనిమిది సెకన్లు.

"నూలు తిప్పి తిప్పి ఏలు నున్నగయింది. రేషన్ దుకాణంల గూడ పడదు!" మళ్ళీ అద్దింది. మళ్ళీ ఎర్ర గీత. పన్నెండు.

"తడి జెయ్యక్కా!"

బొటనవేలు నాలుకకు రాసి, చీర కొంగుకు తుడిచి, అదిమిపెట్టింది. పదహారు. పదిహేడు. మళ్ళీ ఎర్ర గీత. ఎడమచేతి వేలు తీసింది. పద్దెనిమిది. పచ్చ గీత.

"హలో," అంది తిరుపతమ్మ. పెళ్ళయ్యాక ఆ సంసారంలో మోగిన మోతకు ఆమె ఎత్తి మాట్లాడటం అదే మొదటిసారి.

అవతల ఎవరూ పలకలేదు. తెర మీద ఆమె ఫోన్ నుంచి ఓకే వెళ్ళింది. సర్వర్ రెండో ఫోన్‌కు క్యాన్సిల్ పంపింది. రెండో ఫోన్ నుంచి జవాబు వచ్చింది, కాల్ ఆగిపోయిందని. పంతొమ్మిదో సెకను.

గద్వాల షోరూం మేడ మీద చీఫ్ ముందున్న చీరల పెట్టె మోగడం ఆపింది. ఉమారాణి అప్పటికే వెనక మెట్లు దిగి రాయచూరు రోడ్డు ఎక్కింది. అరగంటలో ప్రశాంత్ ఆమెను పట్టుకున్నాడు. అత్తరు వాసనకే దొరికిందని తర్వాత వాడు గొప్పలు చెప్పుకున్నాడు.

ప్రదీప్ ఆ ఫోన్ తిరుపతమ్మకే ఇచ్చేశాడు. ఆమె అన్నిటికంటే ముందు మస్కట్‌కు ఒక్క రింగ్ ఇచ్చి ఆపింది. నిమిషం గడవకముందే ఒక్క రింగ్ తిరిగి వచ్చింది. కాల్ ఐడీ చిన్న అక్షరాలు, పొట్టి వరస. అప్పుడు ఏడ్చింది తిరుపతమ్మ, గోడకు ఆనుకుని, గట్టిగా.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్ చేసి అభినందించాడు. ప్రదీప్ ఆ అభినందన ముగియనివ్వలేదు. మంగళవారం తను అన్న అబద్ధం, ఎందుకన్నదీ మొత్తం చెప్పాడు.

"గంధం చనిపోయాక అన్నావా ఆ మాట?" అన్నాడు చీఫ్ మెల్లగా.

"అవును సార్."

"ముందు ఆవిణ్ణి ఇంటి దగ్గర దించు. తర్వాత మాట్లాడదాం."

అమరచింతలో జీపు ఆగగానే అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. తిరుపతమ్మ దిగింది. పలకరించిన వాళ్ళు లేరు. పక్కింటామె పిల్లను లోపలికి లాక్కుని తలుపు దగ్గరగా వేసింది.

"నన్ను మన్నించక్కా," అన్నాడు ప్రదీప్.

"నా ఒక్కదానికి చెప్తె ఏమొస్తది తమ్మీ? నువ్వు గాడీ ఎక్కి పోతవ్. గీ వాడల బతికేది నేను. అందరు సూస్తుండంగ తీస్కపోయినవ్. అందరికి చెప్పి పో. ఇంటింటికి. నువ్వెవలవో, ఎందుకు జేసినవో, నాకు చెప్పినట్లనే."

ప్రదీప్ చీఫ్‌కు ఫోన్ కలిపి అనుమతి అడిగాడు.

"ఇంటింటికీనా? అసలు పేరు, ఊరు, తండ్రి పేరుతోనా?" చీఫ్ నిట్టూర్చాడు. "ఆ తర్వాత నువ్వు ఫీల్డ్‌లో పనికిరావు. తెలుసా?"

"తెలుసు సార్."

"అయితే కానీ. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా."

వాడలో ముప్పై రెండు ఇళ్ళు. ప్రదీప్ మొదటి తలుపు కొట్టాడు. జానకమ్మ అనే నడివయసామె తలుపు ఓరగా తెరిచింది. వెనక మంచంలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ప్రదీప్ చేతులు కట్టుకుని, తల వంచుకుని, నోట్లో నోట్లోనే మొదలుపెట్టాడు. తన పేరు, బల్మూర్, నాగన్న, బొంబాయి మట్టి, బ్రీఫింగ్‌లో ఆడిన అబద్ధం, తిరుపతమ్మ ఏ పాపమూ ఎరగదన్న మాట. చెమటతో చొక్కా తడిసిపోయింది. అయిపోయిందనుకుని తలెత్తాడు.

జానకమ్మ తలుపు బార్లా తెరిచింది. "జర గట్టిగ చెప్పు నాయనా. మా అత్తకు చెవుడు."

దేశపు రహస్య ఏజెంట్ గొంతు సవరించుకుని, వీధి చివరి దాకా వినబడేలా మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.